ఎనిమిది వారాల హోలిస్టిక్ వెల్‌నెస్ ప్రోగ్రాం: నిద్ర బాగుపడింది, థైరాయిడ్ భయం ఫ్రీగా వచ్చింది

ముందే చెప్పేస్తున్నా, అయిదుకి మూడు స్టార్లు. ఒకటి నిద్రకి, ఒకటి మెడకి, ఒకటి మొదటిరోజు నాతో గంటసేపు కూర్చుని మాట్లాడిన డాక్టర్ గారికి. మిగతా రెండూ ఎందుకు ఇవ్వలేదో చెప్పడానికే ఇంత పొడుగు రాయాల్సి వస్తోంది. సెంటర్ పేరు రాయను. అక్కడ ఏ ఒక్కళ్లూ చెడ్డవాళ్లు కాదు, విడివిడిగా చూస్తే అందరూ పని తెలిసినవాళ్లే, గొడవంతా ఆ విడివిడిగా అన్నదానిలోనే ఉంది.

నా కథ మామూలుదే. రెండేళ్లుగా మెడ నొప్పి. రాత్రి మూడింటికి మెలకువ వస్తే ఇక నిద్ర పట్టదు, నిద్ర లేకపోతే మర్నాడంతా చిరాకు, ఆ చిరాకుకి సాయంత్రానికల్లా మెడ బిగుసుకుపోతుంది, మెడ నొప్పితో పడుకుంటే మళ్లీ మూడింటికి మెలకువ. గానుగెద్దు తిరిగినట్టు అదే చుట్టు. మెడకి ఒక డాక్టర్, నిద్రకి ఒక డాక్టర్. ఇద్దరూ చివర్లో "కాస్త టెన్షన్ తగ్గించుకోండి" అన్నారు. ఎలా తగ్గించుకోవాలో మాత్రం ఇద్దరి చీటీల్లోనూ లేదు. అందుకే "మనసు, శరీరం వేరు కాదు, మొత్తం మనిషిని చూస్తాం" అన్న మాట చూడగానే చేరిపోయాను.

ప్యాకేజీలో ఏముంటుందంటే, వారానికి ఒకసారి రెండున్నర గంటల మైండ్‌ఫుల్‌నెస్ (ఈ క్షణంలో జరిగేదాన్ని ఊరికే గమనించే ధ్యానం) క్లాసు, రోజూ ఇంట్లో ముప్పావుగంట సాధన, మధ్యలో ఒకరోజు పూర్తిగా మౌనం, దాంతోపాటు ఫిజియో, కౌన్సెలర్, న్యూట్రిషన్ కోచ్. క్లాసులు వాళ్లు సొంతంగా కనిపెట్టినవేం కాదు. 1979లో జాన్ కబాట్-జిన్ అనే ఆయన మసాచుసెట్స్ యూనివర్సిటీ మెడికల్ స్కూల్లో మొదలుపెట్టిన ఎనిమిది వారాల కోర్సే ఇది, దాదాపు ఉన్నదున్నట్టు. ఆయన దగ్గరికి మొదట్లో వచ్చినవాళ్లు ఎన్ని వైద్యాలు చేయించుకున్నా నొప్పి తగ్గని దీర్ఘకాలపు రోగులు. ఆ సంగతి తెలిశాక నాకు ధైర్యం వచ్చింది, నాలాంటి మెడలవాళ్ల కోసమే కదా పెట్టారని.

మొదటిరోజు గురించి చెప్పాలి. డాక్టర్ గారు మెడ చూడకముందే నా రోజు ఎలా మొదలై ఎలా ముగుస్తుందో మొత్తం చెప్పించారు. కుర్చీ ఎలాంటిది, ఫోన్ ఎక్కడ పెట్టుకుని పడుకుంటాను, మనసు బాగోనప్పుడు ఎవరితో మాట్లాడతాను, ఏ మాత్రలు వాడుతున్నాను. తర్వాత తొమ్మిది ప్రశ్నల కాగితం ఇచ్చారు, పీహెచ్‌క్యూ-9 అంటారట, ఒక్కోదానికి 0 నుంచి 3 దాకా మార్కులు, మొత్తం 27. తొమ్మిదో ప్రశ్న చచ్చిపోతే బాగుండునని, లేదా మనల్ని మనం గాయపరచుకోవాలని అనిపిస్తోందా అని. కాగితం మీద సున్నా పెట్టినా ఆవిడ తలెత్తి, నా కళ్లలోకి చూస్తూ అదే ప్రశ్న నోటితో ఇంకోసారి అడిగారు. ఏ మొహమాటమూ లేకుండా, జ్వరం ఎంతుంది అన్నట్టు. ఎందుకో అక్కడే నాకు సగం బరువు దిగింది.

ఆ తర్వాత రక్తపరీక్ష రాశారు. థైరాయిడ్, బి12, హిమోగ్లోబిన్. "థైరాయిడ్ మందగించినా, రక్తం తక్కువున్నా, బి12 లేకపోయినా నీరసం, దిగులు, మతిమరుపు వస్తాయి, అవి ధ్యానంతో పోవు, ముందు అది తేల్చుకుందాం" అన్నారు. హోలిస్టిక్ అన్న మాటకి నేను విన్నవాటిలో అన్నిటికన్నా తిన్నని అర్థం అదే. 1977లో జార్జ్ ఎంగెల్ అనే అమెరికన్ డాక్టర్ కూడా జబ్బుని ఒంటితోనే కాదు, మనసుతో, మనిషి బతికే పరిస్థితులతో కలిపి చూడాలని సైన్స్ పత్రికలో రాశాడు. అంటే ఇది డాక్టర్లకి పడని మాటేం కాదు, ఒక డాక్టర్ చెప్పినదే.

క్లాసుల సంగతి. మొదటి రెండు వారాలు బాడీ స్కాన్. వెల్లకిలా పడుకుని కాలివేలి నుంచి తలదాకా ఒక్కో భాగం మీద ధ్యాస పెట్టుకుంటూ రావాలి, మార్చడానికి కాదు, ఊరికే గమనించడానికి. నిజం చెబుతున్నా, మొదటి వారం మోకాలు దాటేలోపే నిద్రపోయాను, గురక కూడా పెట్టానట. రాత్రి మూడింటికి రాని నిద్ర మధ్యాహ్నం క్లాసులో ఎలా వస్తుందో ఆ దేవుడికే తెలియాలి. మూడోవారంలో మాత్రం ఒకటి పట్టుబడింది. కంప్యూటర్ ముందు కూర్చున్నంతసేపూ నా ఎడమ భుజం చెవికి అతుక్కున్నట్టు పైకి లేచే ఉంటోంది. రెండేళ్లలో నాకే తెలియలేదు.

బాడీ స్కాన్ కన్నా నాకు ఎక్కువ నచ్చింది కండరాలు బిగించి వదిలే పద్ధతి. ఎడ్మండ్ జేకబ్‌సన్ అనే డాక్టర్ దాదాపు వందేళ్ల క్రితం పెట్టినది. పిడికిలి బిగించు, కొన్ని సెకన్లు ఉంచు, వదిలెయ్, ఆ వదిలినప్పటి తేడా గమనించు. నాలాగా "రిలాక్స్ అవ్వు" అంటే ఇంకా బిగుసుకుపోయే రకాలకి ఇది బాగా పనిచేస్తుంది, చేయడానికి చేతిలో ఒక పనంటూ ఉంటుంది కాబట్టి.

శ్వాస సాధన గురించి ఒక్క ముక్క. గాలి తీసుకునేటప్పుడు గుండె కొంచెం వేగం పెంచుతుంది, వదిలేటప్పుడు మెదడు నుంచి గుండెకి వచ్చే వేగస్ నరం దాన్ని నెమ్మదింపజేస్తుంది, అందుకే వదలడం నిదానంగా, నిమిషానికి ఆరేసి శ్వాసలకి దగ్గరగా ఉంటే ఒళ్లు తేలికపడుతుంది. ఇది నా మణికట్టు పట్టుకుని నేనే చూసుకున్నాను, నాడి తేడా తెలుస్తుంది. మా గ్రూపులో ఒకాయనకి మాత్రం కళ్లు మూసుకుని శ్వాస మీద దృష్టి పెడితే ఆందోళన ఎక్కువైంది, చెమటలు పట్టాయి. క్లాసు చెప్పే అబ్బాయి కంగారు పడలేదు, "కళ్లు తెరవండి, పాదాలు నేలకి ఆనించి గదిలో కనిపించే వస్తువుల పేర్లు చెప్పండి" అన్నాడు. ధ్యానం అందరికీ మంచే చేస్తుందని వాదించకుండా అలా వదిలేయడం నాకు నచ్చింది.

అదే అబ్బాయి పనిచేసే చోట పంచే కరపత్రంలో మాత్రం "మందులు లేకుండా డిప్రెషన్ మాయం" అని ఉంది. నేను ఇంటికొచ్చి చదువుకున్నంతలో సంగతి అంత రంగుల్లో లేదు. 2014లో 47 అధ్యయనాలు, 3,515 మందిని కలిపి చూస్తే ధ్యానంతో ఆందోళన, దిగులు, నొప్పి ఓ మోస్తరుగా తగ్గాయి, అయితే వ్యాయామం లాంటివాటికన్నా మెరుగని మాత్రం తేలలేదు. 2022లో ఆందోళన జబ్బులున్న 276 మందితో చేసిన దాంట్లో ఈ ఎనిమిది వారాల కోర్సు ఆందోళనకి ఇచ్చే ఎసిటలోప్రామ్ అనే మాత్రకి తీసిపోలేదని తేలింది. మంచి ఫలితమే, కాదనను. కానీ అది ఆందోళన గురించి, డిప్రెషన్ గురించి కాదు, పైగా వాడుతున్న మాత్ర ఆపేయమని అందులో ఎక్కడా లేదు. కరపత్రం రాసినవాళ్లు ఆ తేడా చూసుకోవాలి కదా.

నిద్ర విషయానికొస్తే నా డబ్బు పూర్తిగా ఇక్కడే వసూలైంది. కౌన్సెలర్ రెండు వారాలు నిద్ర డైరీ రాయించారు. తీరా లెక్కేస్తే నేను మంచం మీద ఉండేది తొమ్మిది గంటలు, నిద్రపోయేది అయిదున్నర. నూటికి అరవైఒకటి. "మిగతా మూడున్నర గంటలూ మీరు మంచానికి మెలకువగా ఉండటం నేర్పిస్తున్నారు" అన్నారావిడ. మందు ఏమిటంటే, మంచం మీద సమయం తగ్గించడం! రాత్రి పన్నెండింటికి ముందు పడుకోకూడదు, ఆరింటికి లేచి తీరాలి, నిద్ర పట్టకపోతే లేచి ఇంకో గదిలోకి పోవాలి, పగలు కునుకు లేదు. మొదటి వారం నరకం, ఇంట్లోవాళ్లు నాతో మాట్లాడటానికే భయపడ్డారు. రెండోవారం చివరికి పడుకున్న పావుగంటలో నిద్ర, మధ్యలో మెలకువ ఒకటో రెండో సార్లు. నూటికి ఎనభైఅయిదు దాటినప్పుడల్లా పావుగంట చొప్పున పెంచుకుంటూ వచ్చారు. ఇప్పుడు ఆరుగంటల నలభై నిమిషాల దాకా నిద్రపోతున్నాను. ఇది చిట్కా వైద్యమేం కాదు, నిద్రలేమికి సీబీటీ అనే, ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చే చికిత్సలో భాగం, దీర్ఘకాలపు నిద్రలేమికి మొదట ఇవ్వాల్సింది మాత్ర కాదు ఈ చికిత్సేనని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ అనే డాక్టర్ల సంఘం 2016లో చెప్పింది. ఒక జాగ్రత్త, మూర్ఛ ఉన్నవాళ్లు, బైపోలార్ (మనసు అతి ఉత్సాహానికీ దిగులుకీ మధ్య ఊగే జబ్బు) ఉన్నవాళ్లు, బండి నడపడమే పనైనవాళ్లు దీన్ని సొంతంగా మొదలుపెట్టకండి, నిద్ర తగ్గితే వాళ్లకి ప్రమాదం.

ఫిజియో బాగుంది. మెడ మీద కన్నా భుజాల వెనక కండరాలకి బలం వచ్చే వ్యాయామాలు ఎక్కువ చేయించారు, రోజూ నడవమన్నారు. అంతే, ఇంకేం లేదు చెప్పడానికి.

ఇప్పుడు పోయిన స్టార్ల కథ.

డాక్టర్ గారు రక్తపరీక్ష రాసిన మర్నాడే న్యూట్రిషన్ కోచ్ దగ్గరికి పంపారు. ఆ అమ్మాయి చాలా హుషారు, అయిదు నిమిషాల్లో నా చేతిలో ఒక సీసా పెట్టింది. "స్ట్రెస్‌కి, జుట్టుకి, ఎనర్జీకి, అన్నిటికీ ఇది ఒక్కటి చాలండీ." సెంటర్ సొంత బ్రాండు, రోజుకొకటి. వేసుకున్నాను. ఆరోరోజు పొద్దున అది వేసుకునే రక్తం ఇచ్చాను. రిపోర్టులో టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ని పనిచేయమని మెదడు పంపే హార్మోన్) బాగా తక్కువ, టీ4 (థైరాయిడ్ తయారుచేసే హార్మోన్) ఎక్కువ. థైరాయిడ్ అతిగా పనిచేస్తోందన్నమాట. ఎర్రక్షరాల్లో హెచ్ అని, ఎల్ అని పక్కపక్కనే చూస్తే ఎవరికి గుండె జారదు చెప్పండి? సెంటర్‌కి ఫోన్ చేస్తే "డాక్టర్ గారు వచ్చే గురువారం ఉంటారు, ఈలోపు శ్వాస సాధన చేయండి" అన్నారు. థైరాయిడ్ ఎక్కువైతే నిద్ర పట్టదు, గుండె దడ, చిరాకు అని ఎక్కడో చదివి, అన్నీ నాకున్నాయని ఖాయం చేసుకుని, ఆ వారం డైరీలో నిద్ర నాలుగు గంటలకి పడిపోయింది.

గురువారం దాకా ఆగలేక ఎప్పుడూ చూపించుకునే డాక్టర్ దగ్గరికి వెళ్లాను. ఆయన రిపోర్టు చూసి, మెడ తడిమి, నాడి చూసి, "ఏమైనా సప్లిమెంట్లు వాడుతున్నారా?" అన్నారు. సీసా చూపించాను. వెనక చిన్న అక్షరాల్లో బయోటిన్ అనే బి విటమిన్, 10,000 మైక్రోగ్రాములు. పెద్దవాళ్లకి రోజుకి 30 మైక్రోగ్రాములు చాలట. కొన్ని ల్యాబుల్లో థైరాయిడ్ పరీక్షకి వాడే రసాయనాల్లోనే బయోటిన్ ఉంటుంది, మన రక్తంలో అది అతిగా ఉంటే లెక్క తప్పుతుంది, టీఎస్‌హెచ్ లేనంత తక్కువగా, టీ4 ఎక్కువగా చూపిస్తుంది. గుండెపోటు తెలుసుకునే ట్రోపోనిన్ పరీక్ష కూడా ఇలాగే తప్పు చూపించొచ్చని అమెరికాలో మందుల నియంత్రణ చూసే ఎఫ్‌డీఏ 2017లోనే హెచ్చరించింది. సీసా ఆపించి, పదిరోజులాగి మళ్లీ పరీక్ష చేయిస్తే అన్నీ మామూలు. థైరాయిడ్ లేదు, ఏమీ లేదు.

ఒకే అంతస్తులో, ఎదురెదురు గదుల్లో ఉంటారు ఇద్దరూ. ఒకళ్లు రక్తపరీక్ష రాశారని ఇంకొకళ్లకి తెలియదు. ఇంకొకళ్లు ఏం మింగిస్తున్నారో మొదటివాళ్లకి తెలియదు. మొత్తం మనిషిని చూస్తామన్నారు కానీ నలుగురు కలిసి నాలుగు ముక్కలు పంచుకుని చూశారు. నాకు పోయింది ఒక వారం నిద్రే. అదే గ్రూపులో ఒక పెద్దావిడకి మూడ్ కోసం సెయింట్ జాన్స్ వోర్ట్ అనే మూలిక మాత్రలు రాసిచ్చారు, ఆవిడ రక్తం పలచబడే వార్ఫరిన్ వాడుతోంది. ఆ రెండూ కలవకూడదు, మూలిక వార్ఫరిన్ పనిని తగ్గించేస్తుంది. నా సంగతి చెప్పాక ఆవిడ తన సీసా పట్టుకెళ్లి గుండె డాక్టర్‌కి చూపించుకుంది, ఆయన ఆపించేశారు.

ఇక ఫుట్ డిటాక్స్. ఉప్పునీళ్ల తొట్టెలో కాళ్లు పెట్టిస్తారు, కరెంటు పెడతారు, అరగంటలో నీళ్లు గోధుమరంగులోకి మారతాయి, అదంతా మన ఒంట్లోని విషమట. ఉప్పునీళ్లలో కరెంటు పెడితే లోపలి ఇనుప ముక్క తుప్పు పడుతుంది, రంగు దానిదే. కాళ్లు పెట్టకుండా నడిపి చూపించమన్నాను. "అలా చేయకూడదండీ, మెషీన్ పాడవుతుంది" అన్నారు.

వాళ్ల యాప్ గురించి రాయడం దండగ, రాత్రి పదిన్నరకి "ఈరోజు ప్రశాంతంగా ఉన్నారా?" అని టంగుమని మోగేది.

చేరాలనుకునేవాళ్లకి నేను చెప్పేది, క్లాసులకి, నిద్ర కౌన్సెలింగ్‌కి, ఫిజియోకి కళ్లు మూసుకుని చేరండి. చేరేముందు ఒక్క ప్రశ్న అడగండి, ఇక్కడ పనిచేసేవాళ్లందరూ నా ఫైలు ఒకటే చూస్తారా, నా మందుల లిస్టు అందరి దగ్గరా ఉంటుందా అని. సీసాలేవీ కొనకండి, కొన్నా మీ డాక్టర్‌కి చూపించకుండా మూత తీయకండి. చచ్చిపోవాలన్న ఆలోచనలు వస్తున్నవాళ్లు, అన్నం నీళ్లు మానేసేంత దిగులులో ఉన్నవాళ్లు ఇలాంటి కోర్సుతో మొదలుపెట్టకండి, ముందు సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్లండి, ఇది తర్వాతైనా చేయొచ్చు.

పోయిన వారం ఫోన్ చేశారు, రెండో దశ ప్యాకేజీ తీసుకుంటారా అని. తీసుకోను గానీ నా ఫైలు కాపీ ఒకటి పంపండి అన్నాను. మర్నాడు మెయిల్లో రెండు ఫైళ్లు వచ్చాయి. ఒకదాంట్లో డాక్టర్ గారు చేయించిన ఆ తప్పు థైరాయిడ్ రిపోర్టు, పక్కన "మళ్లీ చూడాలి" అని ఒక గీత. రెండోదాంట్లో న్యూట్రిషన్ కోచ్ నోట్సు, "సప్లిమెంట్ బాగా పడింది, కొనసాగించవచ్చు."