గరిక కణుపు మీది తెల్ల పొలుసు: భూతద్దమా, స్లైడా, డీఎన్‌ఏనా?

చవితి ముందురోజు గుడిమల్కాపూర్ మార్కెట్లో గరిక కట్ట కొన్నాను. దూర్వాయుగ్మానికి రెండేసి పోచలు ఏరుతుంటే కణుపుల దగ్గర తెల్లటి మచ్చలు కనిపించాయి. ఆకు తొడుగును గోటితో పక్కకు తీస్తే మిల్లీమీటరు పొడవున బుల్లి ఆల్చిప్పల్లాంటివి కాండానికి అతుక్కుని ఉన్నాయి. చూసినవారు బూజు అంటారు, లేదా పిండినల్లి అంటారు. రెండూ కావని నా అనుమానం. తేల్చుకోవడానికి మూడు దారులున్నాయి.

పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం, ఒక గుండుసూది ఉంటే మొదటి సంగతి ఇంట్లోనే తేలుతుంది. సూది మొనతో ఎత్తితే కప్పు మూతలా ఊడి, కింద కాళ్లులేని మెత్తటి పురుగు కనిపిస్తే అది పొలుసు పురుగు, డయాస్పిడిడే కుటుంబం. ఆ కప్పు దాని ఒంట్లో భాగం కాదు. మైనానికి తాను విడిచిన కుబుసాలను కలిపి కట్టుకున్న గూడు అది. గడ్డి మీద ఉండే పిండినల్లి ఆంటోనినా గ్రామినిస్‌కూ కాళ్లుండవు కానీ, దాని దూది సంచిలోంచి తోకలా సన్నటి మైనపు గొట్టం బయటికి వస్తుంది. దాని చివర తేనెలాంటి జిగురు బొట్టు కడుతుంది. పొలుసు పురుగు ఆ జిగురును విసర్జించదు, కాబట్టి దానికోసం చీమలు చేరవు.

ఈ తేడా చిన్నది కాదు. ఆంటోనినాను అదుపు చేయడానికి 1959లో మన దేశం నుంచి దాని ఒంట్లో గుడ్లు పెట్టే నియోడస్మెటియా సాంగ్వానీ అనే బుల్లి కందిరీగను టెక్సాస్‌కు తీసుకెళ్లారు. ఆ కందిరీగల్లో ఆడవి ఎగరలేవు, అందుకని విమానాల్లోంచి చల్లారు. పిండినల్లి మీద అంత బాగా పనిచేసిన కందిరీగను పొలుసు పురుగు మీదికి వదిలితే ప్రయోజనం ఉండదు.

భూతద్దం కుటుంబం చెబుతుంది, జాతి చెప్పదు. గరిక మీద ప్రసిద్ధమైన ఓడొనాస్పిస్ రూథేకు 1915లో కొటిన్‌స్కీ పేరు పెట్టాడు. అదే ప్రజాతిలో గడ్డి మీద, వెదురు మీద బతికేవి ఇంకా ఉన్నాయి. కప్పు చూసి వాటిని విడదీయాలనుకోవడం పొరపాటు.

అక్కడ స్లైడు కావాలి. నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని ఇదే. ఎదిగిన ఆడపురుగును పది శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో నెమ్మదిగా వేడి చేస్తే లోపలి కొవ్వు, కండ కరిగి పారదర్శకమైన చర్మం మిగులుతుంది. దానికి యాసిడ్ ఫుక్సిన్‌తో ఎర్ర రంగు పట్టించి, ఆల్కహాలులో నీరు తీసేసి, లవంగ నూనెలో ఉంచి, కెనడా బాల్సమ్‌లో అమర్చాలి. మైక్రోస్కోపు కింద చూడవలసింది తోక వైపు. చివరి ఖండాలు కలిసిపోయిన ఆ పలకను పిజీడియం అంటారు. దాని అంచున ఉండే తమ్మెలు, మైనపు నాళాలు, జననరంధ్రం చుట్టూ ఉన్న సూక్ష్మరంధ్రాల గుంపులు, ఇవే జాతిని నిర్ణయించేవి. చేయి వణికితే చర్మం చిరుగుతుంది, అందుకే ఒక్క పురుగుతో సరిపెట్టుకోకూడదు.

డీఎన్‌ఏ సంగతి క్లుప్తంగా చెబుతాను. హబ్సిగూడలో జీవకణ పరిశోధన సంస్థ సీసీఎంబీ ఉన్న ఊరు కాబట్టి పరీక్షకు పంపేస్తే సరి అని చాలామంది అంటారు. కానీ ఈ కుటుంబంలో మామూలు ప్రైమర్లు, అంటే డీఎన్‌ఏ నకలు తీయడం మొదలుపెట్టే చిన్న ముక్కలు, తరచూ పనిచేయవు. పురుగు లోపల కందిరీగ పిల్ల ఉంటే దాని డీఎన్‌ఏ క్రమమే వచ్చే ప్రమాదం ఉంది. వచ్చిన క్రమాన్ని పోల్చాల్సిన పాత నమూనాకు పేరు పెట్టిందీ స్లైడు చూసే.

పచ్చిక కాపాడుకోవడమే పని అయితే భూతద్దం చాలు. పేరు కావాలంటే స్లైడే మేలు. రెండు జాతులు కలగాపులగంగా ఉన్నాయని అనుమానం వస్తే డీఎన్‌ఏ కూడా తీయించాలి, పురుగును నలపకుండా తీసి, మిగిలిన చర్మాన్ని స్లైడుకు ఎక్కించాలి.

నా గరిక కణుపులను కోసి ఆల్కహాలు సీసాలో వేశాను. మొక్క పేరు, చోటు, తేదీ రాసిన చీటీ కూడా లోపలే ఉంది. పెన్సిల్‌తో రాశాను, సిరా అయితే ఆల్కహాలులో కరిగిపోతుంది.