కేఈఎక్స్‌పీ 90.3: సియాటెల్ రాక్ రేడియోను ఏళ్ళ తరబడి విన్న తరువాత

సియాటెల్‌కు సరస్సు అవతల, బెల్‌వ్యూ, రెడ్‌మండ్ వైపు తెలుగు కుటుంబాలు ఎన్ని ఉన్నా, వాళ్ళ కార్లలో ఈ స్టేషన్ మోగుతుండగా నేను వినడం అరుదు. 90.3 ఎఫ్‌ఎంలో వ్యాపార ప్రకటనలు లేకుండా, ప్రధానంగా శ్రోతల విరాళాల మీద నడిచే సంగీత కేంద్రం కేఈఎక్స్‌పీ. ఆఫీసు దారిలో కాలక్షేపానికి పెట్టుకోవడం మొదలుపెట్టి, క్రమంగా విరాళం ఇచ్చే శ్రోతనయ్యాను. ఇలాంటి పాటలు ఫోన్‌లో ఎక్కడైనా దొరుకుతాయి కదా అని అడిగేవారికి నేను చెప్పే జవాబు ఒక్కటే: ఇక్కడ పాటను ఎంచేది ఒక మనిషి, ఆ మనిషి ఉండేది ఈ ఊళ్ళోనే.

ఇది చిన్న విషయం కాదు. అమెరికాలో 1996 నాటి టెలికమ్యూనికేషన్ల చట్టం, ఒకే సంస్థ దేశం మొత్తం మీద ఇన్ని స్టేషన్లకు మించి కలిగి ఉండరాదన్న పరిమితిని ఎత్తివేసింది. ఆ తరువాత పెద్ద కంపెనీలు వందల స్టేషన్లను కొనుగోలు చేశాయి. చాలా పట్టణాల్లో రాక్ స్టేషన్ పాటల జాబితా ఎక్కడో దూరాన తయారవుతోంది. కేఈఎక్స్‌పీలో మైకు ముందు కూర్చున్న డీజేయే తన పాటలను తాను ఎంచుకుంటాడు. స్టేషన్ ప్లేలిస్టులో పాట పేరు, ఆల్బమ్, విడుదలైన సంవత్సరం ఎప్పటికప్పుడు కనిపిస్తుంటాయి; వాటి కింద చాలాసార్లు డీజే స్వయంగా రాసిన నాలుగు మాటలు కూడా ఉంటాయి. ఈ బృందంలో డ్రమ్స్ వాయించే వ్యక్తి ఇంతకుముందు ఏ బృందంలో ఉండేవాడు, ఈ పాటను ఎవరు అడిగారు, వీళ్ళు ఊళ్ళో ఎప్పుడు కచేరీ చేయబోతున్నారు అన్న వివరాలన్నీ అక్కడే దొరుకుతాయి. నాకు తెలిసిన వాయువ్య అమెరికా బృందాల్లో సగానికి పైగా ఆ నాలుగు మాటల ద్వారానే పరిచయమయ్యాయంటే అతిశయోక్తి కాదు.

దీని పుట్టుక విశ్వవిద్యాలయంలో జరిగింది. 1972లో యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్ విద్యార్థులు కేసీఎంయూ అన్న పేరుతో, కేవలం 10 వాట్ల శక్తితో దీన్ని మొదలుపెట్టారు. తరువాత గ్రంజ్ అని ప్రపంచమంతా పిలిచిన బరువైన గిటార్ల రాక్ సంగీతం రూపుదిద్దుకుంటున్న 1980ల్లో, దాన్ని సృష్టించినవాళ్ళలో కొందరు ఈ స్టూడియోలోనే రికార్డులు తిప్పేవారు. సౌండ్‌గార్డెన్ బృందపు గిటారిస్టు కిమ్ థాయిల్, మడ్‌హనీ బృందపు గాయకుడు మార్క్ ఆర్మ్ ఇక్కడ డీజేలుగా ఉండేవారు. ఆ సంగీతాన్ని విడుదల చేసిన సబ్ పాప్ రికార్డు కంపెనీని నడిపిన బ్రూస్ పావిట్, జోనథన్ పోన్‌మన్ ఇద్దరికీ ఇక్కడ కార్యక్రమాలు ఉండేవి. ఊరి రేడియో ఊరి సంగీతాన్ని వినిపించడం వేరు, ఆ సంగీతకారులే రేడియోను నడపడం వేరు. సియాటెల్‌లో రెండవది జరిగింది. మైక్రోసాఫ్ట్ సహవ్యవస్థాపకుడు పాల్ ఆలెన్ స్థాపించిన ఎక్స్‌పీరియన్స్ మ్యూజిక్ ప్రాజెక్టు అన్న సంగీత మ్యూజియం తోడ్పాటుతో 2001లో స్టేషన్‌కు ఇప్పటి పేరు వచ్చింది.

సామాజిక పాత్ర అన్నమాట చాలా సంస్థలు తమ గురించి తాము చెప్పుకునేదే కనుక, నేను దాన్ని కష్టకాలంలోనే తూచి చూస్తాను. 2017 మే నెలలో సౌండ్‌గార్డెన్ గాయకుడు క్రిస్ కార్నెల్ మరణించినప్పుడు అభిమానులకు ఎక్కడికి వెళ్ళాలో ఎవరూ చెప్పనవసరం లేకపోయింది. వాళ్ళు ఈ స్టేషన్ దగ్గరే గుమిగూడారు. ఉదయపు కార్యక్రమం నిర్వహించే జాన్ రిచర్డ్స్, మరణించిన తన తల్లి జ్ఞాపకార్థం ఏటా ఒక ప్రసారాన్ని తల్లుల కోసం కేటాయిస్తాడు. ఆ రోజు శ్రోతలు తమ తల్లుల గురించి రాసి పంపుతారు, ఆయన వాటిని పాటల మధ్య చదువుతాడు. ఊరు పేర్లతో సహా కోరిన పాటల జాబితా చదివే వివిధ భారతి వింటూ పెరిగిన నాకు శ్రోత పేరు రేడియోలో వినిపించడం కొత్త కాదు గానీ, గొంతు వణుకుతున్నా దాచుకోకుండా చదవడం మాత్రం కొత్తే. మొదటిసారి విన్నప్పుడు ఇది ప్రదర్శన కాదు కదా అని అనుమానించాను. ఏళ్ళ తరబడి అదే శ్రద్ధ కనబడ్డాక ఆ అనుమానం పోయింది. కోవిడ్ రోజుల్లో ఇంట్లో ఒంటరిగా పనిచేస్తూ, మీరు ఒంటరివారు కారని ఆయన చెప్పే మాట కోసం రేడియో పెట్టుకున్న ఉదయాలు నాకూ ఉన్నాయి.

2016లో స్టేషన్ సియాటెల్ సెంటర్‌లోని కొత్త స్థలంలోకి మారింది. అక్కడి విశాలమైన హాల్లోకి ఎవరైనా టికెట్టు లేకుండా వెళ్ళి కూర్చోవచ్చు. ఒక వానాకాలపు మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి, అద్దం అవతల డీజే హెడ్‌ఫోన్ ఒక చెవికి మాత్రమే ఆనించుకుని తరువాతి పాట వెతుక్కుంటుండగా, ఇవతల ఒకతను లాప్‌టాప్ తెరుచుకుని, ఇంకొకామె పసిబిడ్డను ఒళ్ళో పడుకోబెట్టుకుని అదే పాట వింటున్నారు.

డబ్బు విషయానికి వస్తే, 1981లో విశ్వవిద్యాలయం నిధులు తగ్గించడంతో స్టేషన్ శ్రోతల వైపు చేయి చాచింది. విరాళాల సేకరణ జరిగే రోజుల్లో పాటల మధ్య విన్నపాలు పెరుగుతాయి, సహనం తక్కువైనవారికి అది కొంత పరీక్షే. అయినా ఆ సంబంధం ఎంత లోతుగా పోగలదో 2018లో తేలింది: సుజాన్ అన్న పేరు తప్ప మరే వివరమూ వెల్లడి చేయని ఒక శ్రోత, తన మరణానంతరం స్టేషన్‌కు దాదాపు కోటి డాలర్లు చెందేలా రాసి పోయారు. డబ్బిచ్చే శ్రోతలు ప్రశ్నిస్తారు కూడా. 1990ల మొదట్లో స్వచ్ఛంద డీజేలను పక్కన పెట్టడం, నిర్వహణను ప్రసారంలో విమర్శించరాదనడం వంటి నిర్ణయాలపై శ్రోతలు సంఘంగా ఏర్పడి విరాళాలు ఆపివేయాలని పిలుపునిచ్చారు. వివాదం ఫెడరల్ కోర్టు దాకా వెళ్ళింది. ఆ గొడవ స్టేషన్‌కు మచ్చ అనేవారితో నేను ఏకీభవించను. ఎవరికీ పట్టని రేడియో కోసం ఎవరూ కోర్టుకు వెళ్ళరు.

అందరికీ ఇది సరిపడుతుందని చెప్పను. ఎప్పుడు పెట్టినా పరిచయమైన పాత రాక్ పాటలే రావాలనుకునేవారికి ఊళ్ళోని వాణిజ్య స్టేషన్లు నయం. ఇక్కడ పంక్ తరువాత హిప్‌హాప్, దాని వెనుక మాలి దేశపు గిటార్ వస్తాయి. ఇక నా అసలు సందేహం స్టేషన్ విస్తరణ గురించి. యూట్యూబ్‌లో స్టూడియో కచేరీలను ప్రపంచమంతా చూస్తోంది, 2024 మార్చి నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో 92.7 మీద కూడా ప్రసారం సాగుతోంది. రెండు నగరాలకు ఒకేసారి మాట్లాడే డీజే, ఈ రాత్రి సియాటెల్‌లోని బాలర్డ్ పేటలో ఎవరు వాయిస్తున్నారో మునుపటంత తీరికగా ఎలా చెప్పగలడు? వాయువ్య ప్రాంతపు బృందాలకే అంకితమైన ఆడియోయాసిస్ కార్యక్రమం ఉన్నా, ఆ సంగీతానికి పగటి వేళల్లో మరింత చోటు దక్కాలన్నది నా కోరిక.

ఇండియాలో ఉండి వినదలచినవారికి దారి సులువే. సియాటెల్ ఉదయం 7 గంటలంటే వేసవి కాలమానంలో మనకు రాత్రి 7:30, చలికాలంలో 8:30. ఆ వేళ కుదరకపోతే గడచిన రెండు వారాల ప్రసారాలన్నీ యాప్‌లో ఉచితంగా ఉంటాయి. ముందు ఒక ఉదయపు కార్యక్రమం, ఆ తరువాత ఒక ఆడియోయాసిస్, ప్లేలిస్టు తెరిచి పెట్టుకుని వినండి.