మందార కొమ్మ మీద ఏ తేనెపిట్ట?

పెరట్లో మందారం మీద వాలిన బుల్లి పిట్టను చాలామంది హమ్మింగ్‌బర్డ్ అనేస్తారు. హమ్మింగ్‌బర్డ్‌లు అమెరికా ఖండాల్లోనే ఉంటాయి. హన్మకొండ, వరంగల్ ఇళ్ల దగ్గర తిరిగేవి తేనెపిట్టలు. వీటిలో రెండు రకాల దగ్గర జనం తికమక పడతారు: ఒకటి ఊదా తేనెపిట్ట (పర్పుల్ సన్‌బర్డ్), రెండోది పర్పుల్-రంప్డ్ సన్‌బర్డ్. రెండూ సుమారు 10 సెంటీమీటర్లే, రెండిటికీ వంపు ముక్కే. సైజు చూసి తేల్చడం కుదరదు.

జత కట్టే కాలంలో మగవాటితో టెన్షన్ లేదు. ఊదా తేనెపిట్ట మగది నీడలో నల్లగా కనిపిస్తుంది, ఎండ పడితే నీలం, ఊదా రంగుల్లో మెరుస్తుంది. రెండో రకానికి ఊదా రంగు ముఖ్యంగా గొంతు మీద, తోక మొదట్లో కనిపిస్తుంది. వీపు ముదురు ఎరుపు, పొట్ట పసుపు, నెత్తిన పచ్చని మెరుపు. అందంలో నా ఓటు దీనికే.

చిక్కంతా ఆ కాలం దాటాక. ఊదా తేనెపిట్ట మగది రంగులు వదిలేసి దాదాపు ఆడదానిలా మారిపోతుంది, గొంతు నుంచి కిందికి ఒక నల్లచార మాత్రం మిగులుతుంది. రెండోది ఏడాదంతా ఒకే వేషంలో ఉంటుంది. ఆడవాటిలో గొంతు చూడండి: తెల్లగా ఉండి రొమ్ము దగ్గర పసుపు మొదలైతే రెండో రకం, గొంతు కూడా పసుపే అయితే ఊదా తేనెపిట్ట.

గూళ్లతో తేడా పట్టడం కష్టం. రెండూ సాలెగూడు దారాలతో వేలాడే సంచినే అల్లుతాయి, అల్లేది ఆడదే. చూడాలనుకుంటే మోదుగ పూసే రోజుల్లో ఊరి బయటికి వెళ్లండి, పొద్దున్నే అయితే మంచిది.