కులూ దారిలో ట్రౌట్ వేపుడు: చేపతో పేచీ లేదు, పైపుతోనే

ముప్పై ఏళ్లు కాలేజీలో జంతుశాస్త్రం చెప్పాను. అంతకంటే ఎక్కువ ఏళ్లు కాకినాడ మార్కెట్లో చేపలు బేరమాడాను. అందుకే కులూ నుంచి మనాలీ వెళ్లే దారిలో, బియాస్ ఒడ్డున ఉన్న ఆ చిన్న హోటల్లో మెనూ కార్డు తీసుకోకుండా నేరుగా పెరట్లోని సిమెంటు తొట్టి దగ్గరికి నడిచాను. అన్నీ రెయిన్‌బో ట్రౌట్‌లే. పక్క వాగు నీళ్లు పైపులోంచి ధారగా పడుతున్నాయి. చెయ్యి పెడితే వేళ్లు కొంకర్లు పోయాయి.

కుర్రాడు పట్టి ఇచ్చిన చేప మొప్ప మూత ఎత్తి చూశాను. అచ్చం మందార రేకు. ఆ ఎరుపంతా రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్‌దే. (అంటార్కిటికా చుట్టూ ఉండే ఐస్ ఫిష్‌కు అది అసలు ఉండదు. సున్నా కంటే చల్లటి సముద్రంలో, రక్తంలో ఊరికే కరిగిన ఆక్సిజన్‌తోనే బతికేస్తుంది. దాని తెల్లటి మొప్పలు చూస్తే మా అమ్మ "నిలవ సరుకు" అని బుట్టలో పడేసి వచ్చేది.)

ఇంతలో వంటవాడు గిన్నెలు కడగడానికి పైపు లాక్కుపోయాడు. నేను టీ ముగించేలోపే చేపలన్నీ పైకి వచ్చి నోళ్లు తెరిచాయి. మన చెరువుల్లోని బంగారు తీగ చేప ఇంత తొందరగా బెంబేలెత్తదు. నీటిలో ఆక్సిజన్ అరకొరగా ఉన్నా దాని హిమోగ్లోబిన్ ఒడిసి పట్టుకుంటుంది. ట్రౌట్‌కు ఆ పట్టు లేదు. నీటిలో దండిగా ఉంటేనే నింపుకుంటుంది, కండరాలకు చేరాక ధారాళంగా వదిలేస్తుంది. వాగుకు ఎదురీదే చేపకు కావలసింది అదే. సముద్రమట్టం దగ్గర 10 డిగ్రీల నీరు లీటరుకు 11 మిల్లీగ్రాముల ఆక్సిజన్ దాచుకుంటే, 30 డిగ్రీల నీరు ఏడున్నర దగ్గరే ఆగిపోతుంది. ఎంత చల్లటి నీరైనా, ఇరుకు తొట్టిలో కదలకుండా నిలిస్తే ఉన్నది కాస్తా చేపలే తాగేస్తాయి. పైపు మళ్లీ పెట్టించాను. "ఐదు నిమిషాలకే ఏమవుతుందమ్మా" అని హిందీలో నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

ఆవనూనెలో వేయించి తెచ్చారు. ముళ్లు తక్కువ, మాంసం తియ్యగా, పొరలు పొరలుగా విడింది. మసాలా మాత్రం మరీ దట్టించారు. ఉప్పూ నిమ్మకాయా చాలని ముందే చెప్పండి. అన్నం చల్లారిపోయింది. రెండు చేపలకు 900 రూపాయలు తీసుకున్నారు. పారే చల్లటి నీళ్లు లేనిదే పెరగని చేప కాబట్టి ఎక్కువనిపించలేదు. వెళ్లేవాళ్లు ముందు పెరట్లోకి తొంగి చూడండి. తొట్టిలో ధార పడుతుంటేనే చేప చెప్పండి. లేదంటే పప్పు కూడా బాగానే చేస్తారు.