గయ దాకా వెళ్తే నలందా, విక్రమశిలా? రెండూ బిహార్‌లో ఒకప్పటి బౌద్ధ విద్యాలయాల శిథిలాలే.

కాశీ, గయ యాత్రకు టికెట్లు చేసుకున్నవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది. పిండప్రదానం అయ్యాక మిగిలింది ఒక్క రోజే అయితే ఆలోచించే పనే లేదు, నలందకే వెళ్లండి. పొద్దున్నే గయలో కారెక్కితే రాజగిరి కూడా చూసుకుని రాత్రికి తిరిగొచ్చేయొచ్చు. విక్రమశిలకైతే భాగల్‌పూర్ వైపు పోవాలి, రాత్రి మకాం తప్పదు. రెండు మూడు రోజులు చేతిలో ఉన్నవాళ్లకే అసలు తర్జనభర్జన.

విహారం, అంటే భిక్షువులు ఉండి చదువుకున్న బౌద్ధ మఠం, దాని కట్టడపు ప్లాను ఒక్క చూపులో అర్థం కావాలంటే విక్రమశిలదే పైచేయి. పాల వంశపు రాజు ధర్మపాలుడు కట్టించింది. ఒక్కో భుజం సుమారు 330 మీటర్లున్న చతురస్రం, చుట్టూ 208 గదులు, నడిమధ్య నాలుగు దిక్కులకూ చేతులు చాచిన స్తూపం, దాని గోడల నిండా కాల్చిన మట్టి ఫలకాలు. 1960లో పట్నా విశ్వవిద్యాలయం తవ్వకాలు మొదలుపెట్టేదాకా ఇదంతా అంతీచక్ ఊరి పక్కన మట్టిదిబ్బే. నలందతో పోలిస్తే జనం కూడా పలచన.

అయినా నా ఓటు నలందకే. కారణం విహారం కాదు, దాని పక్కనున్న ఊరు.

నలందలో ఉన్న వేలమంది భిక్షువులకు రోజూ కూడు ఎక్కడిది? దాదాపు 100 ఊళ్ల రాబడిని రాజు విహారానికి వదిలేశాడనీ, 200 కుటుంబాలు రోజూ బియ్యం, వెన్న, పాలు తెచ్చి ఇచ్చేవనీ ఇక్కడ చదువుకున్న చైనా యాత్రికుడు హ్యుయాన్‌త్సాంగ్ జీవితచరిత్ర చెబుతుంది. ఆయనకు పెట్టిన మహాశాలి బియ్యం గింజ నల్ల చిక్కుడుగింజంత ఉండేదట (మన సన్నబియ్యం ప్రియులకు రుచించేది కాదేమో!). తర్వాత వచ్చిన మరో చైనా యాత్రికుడు ఇత్సింగ్ 200కు పైగా ఊళ్లన్నాడు. సువర్ణద్వీపపు (ఇప్పటి సుమత్రా) రాజు బాలపుత్రదేవుడు ఇక్కడొక విహారం కట్టించాడు. దాని ఖర్చులకు ధర్మపాలుడి కొడుకు దేవపాలుడు 5 ఊళ్లిచ్చిన రాగిరేకు, శిథిలాల్లో 1వ నంబరు వేసిన విహారంలోనే దొరికింది. ఆ విహారంలో కాస్త నిలబడి చూడండి. ఒక కట్టడం పాడైతే దాని మీదే ఇంకొకటి లేపారు, అలా తొమ్మిది దశలు. తవ్వకాల్లో బయటపడ్డ మాడిన బియ్యం మ్యూజియంలో ఉంది. గింజలు బొగ్గయ్యాయి కానీ బియ్యమని ఇట్టే తెలుస్తుంది.

చాలామంది ఇంతటితో టాక్సీ ఎక్కేస్తారు. ఎక్కకండి. గేటు దాటి పక్క ఊరు బడ్‌గావ్ వైపు నడవండి. తవ్వని దిబ్బలు, చెరువులు, సూర్యుడి గుడి, వాటి మధ్యే జనం కాపురాలు. దారిలో ఒక పెద్ద నల్లరాతి బుద్ధుడున్నాడు. ఊరివాళ్లు ఆయన్ని తేలియా బాబా అంటూ నూనె పోసి మొక్కుతారు. విహారం ఒక్కటే చూస్తే ఖాళీ హాస్టల్ చూసినట్టుంటుంది. ఈ ఊరు తిరిగితేనే దాన్ని పోషించిందెవరో తెలుస్తుంది. విక్రమశిలలో నాకు ఆ సంబంధం ఇంత స్పష్టంగా కనిపించలేదు.

ఇక్కడికి దగ్గర్లోని మరో పాత విహారం ఓదంతపురి అంటారా, దాని మీద బిహార్ షరీఫ్ పట్టణం లేచింది, చూడ్డానికేం మిగల్లేదు. తేల్‌హాడాలో ఇంకో పాత విహారాన్ని తవ్విన దిబ్బ ఉంది, శిథిలాల పిచ్చి బాగా ముదిరినవాళ్లకు.

ఒక్క మాట, నలంద మ్యూజియానికి శుక్రవారం సెలవు. టికెట్లు చేసేముందే చూసుకోండి.