ఆర్‌టీఎక్స్ 3060 మూడేళ్లు వాడాక: నాలుగు ఫ్రేములు, ఒక స్టిక్కరు

2021 నవంబరులో కొన్నానీ 12 జీబీ గ్రాఫిక్స్ కార్డు. క్రిప్టో కరెన్సీ మైనింగ్ పుణ్యమా అని ఈ కార్డుల రేట్లు మండిపోతున్న రోజులవి. అంత డబ్బు పోశాక చేతులు ఊరుకుంటాయా? వారం తిరక్కుండానే ఓవర్‌క్లాక్ చేయడానికి, అంటే కంపెనీ పెట్టిన వేగం కన్నా ఎక్కువ పరుగెత్తించడానికి, ఆఫ్టర్‌బర్నర్ అనే సాఫ్ట్‌వేర్ ఎక్కించాను.

ఎన్‌విడియా చెప్పిన బూస్ట్ క్లాక్ (పని ఎక్కువున్నప్పుడు అందుకునే వేగం) 1777 మెగాహెర్ట్జ్, పవర్ 170 వాట్లు. నేను కోర్‌కి 120, మెమరీకి 800 మెగాహెర్ట్జ్ కలిపాను. బెంచ్‌మార్కు పరీక్షలో నిలబడింది గానీ, రెండో రాత్రి కార్ల రేసు ఆడుతుంటే ఆకాశం నిండా పచ్చ చుక్కలు! మెమరీ 500కి దించాక పోయాయి. ఇంతా చేస్తే తెర మీద సెకనుకు మారే బొమ్మలు, అదే ఫ్రేములు, 71 నుంచి 75 అయ్యాయి. మూలన అంకె కనిపించకపోతే ఆ తేడా నేనైతే పట్టుకోలేను. మే నెలలో మాత్రం చెవులకే తెలిసింది. బెజవాడ ఎండ, ఏసీ లేని గది, 82 డిగ్రీలు, ఫ్యాన్లు రైస్ మిల్లే.

ఆఫ్టర్‌బర్నర్‌లో మార్చినవి కార్డులో రాసుకుపోవు. వేరే సిస్టమ్‌లో పెడితే మళ్లీ మామూలే. కార్డు లోపలి బయోస్ ప్రోగ్రామును మార్చి ఎక్కించినా (ఫ్లాష్), బోర్డు మీద సోల్డరింగ్ చేసినా వారంటీ వాళ్లకు దొరికిపోతాం. నా వారంటీ కాగితంలో ఓవర్‌క్లాక్ వల్ల పాడైతే వర్తించదని ఉంది. అట్టపెట్టె మీదేమో పెద్దక్షరాల్లో 'ఓసీ', అంటే ఓవర్‌క్లాక్! వాళ్లు చేస్తే ఎడిషన్, మనం చేస్తే తప్పు.

మూడో ఏడు చివర్లో ఒక ఫ్యాను కరకరలాడడం మొదలైంది. "విప్పేసి చిప్ వేడి లాగే పేస్టు కూడా మార్చేద్దాం అన్నయ్యా" అంటూ తమ్ముడు స్క్రూడ్రైవర్ తెచ్చాడు. వెనక నాలుగు స్క్రూల్లో ఒకదాని నెత్తిన మినపగింజంత తెల్ల స్టిక్కరు. అది చెదిరితే విప్పినట్టు తెలిసిపోతుంది. వారంటీ ఇంకా రెండు నెలలుంది. ఆగాం.

సర్వీస్ సెంటర్లో కుర్రాడు ఓవర్‌క్లాక్ మాటే ఎత్తలేదు. సీరియల్ నంబరు చూశాడు, పవర్ కనెక్టర్ కాలిందేమో చూశాడు, ఫోన్ టార్చి వేసి ఆ స్టిక్కరు మరీ మరీ చూశాడు. పద్దెనిమిది రోజులు తిప్పారు గానీ పైసా తీసుకోకుండా కొత్త ఫ్యాన్లు వేసిచ్చారు.

ఇప్పుడు ఓవర్‌క్లాక్ మానేసి అండర్‌వోల్ట్‌లో, అంటే వోల్టేజీ తగ్గించి, వాడుతున్నా. 0.875 వోల్టుల దగ్గర 1800 మెగాహెర్ట్జ్. 130 వాట్లు దాటదు, అదే గేములో 70 ఫ్రేములు వస్తున్నాయి. ఈ పని మొదటి వారంలోనే చేయాల్సింది.

వారంటీ అయిపోయిన మర్నాడే తమ్ముడు మళ్లీ స్క్రూడ్రైవర్‌తో దిగాడు. స్టిక్కరు గోటితో గీకి లోపల చూస్తే పేస్టు ఎండిపోయి సున్నం పెచ్చులా రాలింది. కొత్తది రాశాక ఇంకో ఐదు డిగ్రీలు తగ్గింది.