ఇంటర్వ్యూకు ముందే క్యాంపస్: కరీంనగర్ నుంచి హైదరాబాద్ కాలేజీల దారిలో

ఇంటర్ పూర్తయిన పిల్లలను వెంటబెట్టుకుని హైదరాబాద్ వెళ్లే తల్లిదండ్రులు సాధారణంగా ముందు ఇంటర్వ్యూ ముగించి, మిగిలిన పూటలో క్యాంపస్‌లు తిరుగుతారు. మా అమ్మాయికి ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ కోర్సు ఇంటర్వ్యూ పిలుపు వచ్చినప్పుడు తల్లీకూతుళ్లం మేమిద్దరం ఈ వరుసను తిరగేసి, చూడవలసినవి ముందే చూసి, ఆఖరున ఇంటర్వ్యూకు హాజరయ్యేలా ప్రయాణం కుదుర్చుకున్నాం. బస ఖర్చు కొంత పెరిగినా దాని ఫలం ఇంటర్వ్యూ గదిలో కనిపించింది.

ఇంజనీరింగ్ కోరుకునేవారికి చాలావరకు ఈ ఇంటర్వ్యూల బెడద లేదు. ప్రైవేటు కాలేజీల్లో 70 శాతం కన్వీనర్ కోటా (ప్రభుత్వ కౌన్సెలింగ్) సీట్లు రాష్ట్ర ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్‌లో వచ్చిన ర్యాంకు, ఆన్‌లైన్‌లో పెట్టే వెబ్ ఆప్షన్ల ప్రకారమే నిండుతాయి కాబట్టి, వారు ఆప్షన్లు పెట్టకముందే కాలేజీ చూసి రావాలి. గచ్చిబౌలిలోని ట్రిపుల్ ఐటీలో ఆ సంస్థ సొంత ప్రవేశ పరీక్ష యూజీఈఈ ద్వారా చేరే డ్యూయల్ డిగ్రీ కోర్సులకు మాత్రం రాత పరీక్ష తర్వాత ఇంటర్వ్యూ ఉంటుంది. కొన్ని ప్రైవేటు విశ్వవిద్యాలయాలు కూడా ఏదో ఒక రూపంలో మాట్లాడి చూసే చేర్చుకుంటున్నాయి.

కరీంనగర్ నుంచి సికింద్రాబాద్‌లోని జూబ్లీ బస్ స్టేషన్ (జేబీఎస్)కు ఎక్స్‌ప్రెస్ బస్సులో వెళ్తే మహిళలకు ఉచిత ప్రయాణమిచ్చే మహాలక్ష్మి పథకం కింద ఆధార్ చూపి ఇద్దరమూ జీరో టికెట్‌తో ప్రయాణించవచ్చు. సూపర్ లగ్జరీ, రాజధాని బస్సులకు ఇది వర్తించదు. జేబీఎస్ పక్కనే ఉన్న పరేడ్ గ్రౌండ్ స్టేషన్‌లో నీలం లైను మెట్రో ఎక్కితే అమీర్‌పేట మీదుగా రాయదుర్గం వరకు మధ్యలో రైలు మారనవసరం లేదు. అక్కడి నుంచి గచ్చిబౌలికి ఆటో తప్పదు. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి వెళ్లేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి: ఎర్ర లైనులో ‘ఉస్మానియా మెడికల్ కాలేజీ’ అనే స్టేషన్ కోఠి వైపు ఉంది, విశ్వవిద్యాలయానికి దిగవలసింది నీలం లైనులోని తార్నాకలో. మా బోగీలోనే ఒక కుటుంబం ఈ రెండింటినీ కలగలిపి ఫోన్‌లో ఎవరితోనో వాదిస్తూ కనిపించింది.

బస విషయంలో రెండు రకాలు చూశాం. సికింద్రాబాద్ స్టేషన్ వైపు లాడ్జీలు ప్రయాణానికి అనుకూలమే గాని, అర్ధరాత్రి దాకా హారన్లు, కారిడార్‌లో సామాన్ల చప్పుడు ఆగవు. మరుసటి రోజు ఇంటర్వ్యూ ఉన్న పిల్లకు అది తగిన చోటు కాదు. అందుకే తర్వాత కొండాపూర్‌లో రోజువారీ లెక్కన గది ఇచ్చే మహిళా హాస్టల్‌కు మారాం. లాడ్జీ అద్దెతో పోలిస్తే కొంత తక్కువే, భోజనం అందులోనే. రాత్రి పదింటికి గేటు మూస్తారు, ఉదయం వేడినీళ్లకు వరుసలో నిలబడాలి, సాంబారు గురించి చెప్పకపోవడమే మర్యాద. అయితే అక్కడ ఉంటున్న ఉద్యోగినులు, విద్యార్థినులు భోజనాల దగ్గర ఏ కాలేజీలో పాఠాలు జరుగుతాయో, ఎక్కడ హాజరు కోసం మాత్రమే కూర్చోబెడతారో దాపరికం లేకుండా చెప్పారు. ఆ సమాచారం ఏ బ్రోచర్‌లోనూ దొరకదు.

ఉస్మానియాలో గులాబీ రంగు గ్రానైట్‌తో కట్టి 1939లో ప్రారంభించిన ఆర్ట్స్ కాలేజీ భవనం ముందు నిలబడితే ఎవరికైనా అక్కడే చదవాలనిపిస్తుంది. అలా అనిపించినప్పుడే భవనాన్ని వదిలి తరగతి గదుల్లోకి, గ్రంథాలయంలోకి వెళ్లి చూడాలి. పక్కనే ఉన్న ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఇఫ్లూలో విదేశీ భాషలపై ఆసక్తి ఉన్నవారు ఒక పూట గడపవచ్చు. అన్నింటికన్నా ఎక్కువసేపు మేము గడిపింది 1974లో ఏర్పడిన హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో. ఆబిడ్స్‌లోని సరోజినీ నాయుడు ఇల్లు గోల్డెన్ త్రెషోల్డ్‌లో మొదలైన ఈ సంస్థ, ఇప్పుడు గచ్చిబౌలిలో రాళ్లూ చెరువులూ ఉన్న విశాలమైన ఆవరణలో ఉంది. నడిచి చూడడం వేసవిలో సాధ్యం కాదు. అయినా వేసవి పూర్తిగా నష్టం కాదు. డిగ్రీ, పీజీ విద్యార్థులు ఇళ్లకు వెళ్లినా పరిశోధక విద్యార్థులు అక్కడే ఉంటారు, వారికి మాట్లాడే తీరిక కూడా ఉంటుంది. ఇందిరాగాంధీ స్మారక గ్రంథాలయం బయట ఒక పరిశోధకురాలు మా అమ్మాయితో చాలాసేపు మాట్లాడి, క్షేత్రస్థాయి పనికి ఎన్నో సంవత్సరంలో పంపుతారో, గైడ్ దొరకడం ఎలాగో ఏ సంస్థనైనా అడిగి తెలుసుకోమంది.

ఇంటర్వ్యూ జరిగిన ప్రైవేటు సంస్థ పేరు ఇక్కడ అవసరం లేదు. క్యాంపస్ చూపించిన ఉద్యోగి ఈతకొలను, ఏసీ ఆడిటోరియం చూపించాడే తప్ప హాస్టల్ గదినీ మెస్‌నూ చూపలేదు. గట్టిగా అడిగిన తర్వాత ఒక నమూనా గది తెరిచారు. ఇంటర్వ్యూ గదిలో ముగ్గురు అధ్యాపకులు మా అమ్మాయిని మార్కుల గురించి అడగనేలేదట. దరఖాస్తులో సన్నని వెండి తీగలతో చేసే కరీంనగర్ ఫిలిగ్రీ పని గురించి తను రాసిన వ్యాసం పట్టుకుని, ఆ పనివాళ్లతో స్వయంగా మాట్లాడావా, వెండి ధర పెరిగితే కూలి పెరుగుతుందా, వాళ్ల పిల్లలు అదే పనిలోకి వస్తున్నారా అని వరుసగా ప్రశ్నించారు. ఎవరో రాసిచ్చిన వ్యాసమైతే రెండో ప్రశ్నకే దొరికిపోయేది. చివర మీరేమైనా అడుగుతారా అన్నప్పుడు, కేంద్రీయ విశ్వవిద్యాలయంలో విన్నదాన్ని బట్టి క్షేత్రస్థాయి పని గురించి అడిగింది. సంభాషణ నిజంగా సాగింది అక్కడి నుంచేనని బయటికి వచ్చాక చెప్పింది.

అదే సాయంత్రం అడ్మిషన్ విభాగం వారు సీటు ఖాయం చేసుకోవడానికి అడ్వాన్సుతోపాటు ఒరిజినల్ సర్టిఫికెట్లు అప్పగించమన్నారు. ఒరిజినల్స్‌ను పరిశీలించి వెంటనే తిరిగి ఇవ్వాలని, తమ దగ్గర అట్టిపెట్టుకోకూడదని విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2018లో స్పష్టంగా చెప్పింది. ఆ మాట మర్యాదగా గుర్తుచేయగానే జిరాక్సులు చాలన్నారు. చేరకపోతే ఎంత తిరిగి ఇస్తారో, ఎప్పటిలోగా ఇస్తారో కాగితం మీద రాసి ఇచ్చేవరకు అడ్వాన్సు కట్టలేదు.

తిరుగు ప్రయాణానికి సాయంత్రం ఐదు దాటాక గచ్చిబౌలి నుంచి జేబీఎస్‌కు ఆటోగాని క్యాబ్‌గాని మాట్లాడుకోవడం డబ్బూ సమయమూ వృథా. రాయదుర్గం దాకా మాత్రమే ఆటోలో వెళ్లి, మెట్రోలో పరేడ్ గ్రౌండ్ చేరితే కరీంనగర్ బస్సు హాయిగా అందుతుంది.